లచ్చి ఆకలి

తెల్ల ఎలుగుబంట్లను చూడ్డానికి ఏ కాలం మంచిదండీ అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. కాశీకీ బదరీకీ ఈ గోల లేదు. గుడి తలుపులు ఎప్పుడు తీస్తారో ఎప్పుడు వేస్తారో దేవస్థానం వాళ్ళే చెప్పేస్తారు. ఎలుగుబంట్లకి దేవస్థానం లేదు కదా!

మాది కాకినాడ. మా మామగారు పెట్టిన యాత్రల కంపెనీని ఇప్పుడు మా ఆయనా నేనూ నడుపుతున్నాం. ఆ రోజుల్లో మామగారు వంటవాణ్ణీ బియ్యం బస్తాల్నీ బస్సెక్కించి కాశీ తీసుకెళ్ళేవారు. మేమూ అదే పద్ధతిలో వంటవాణ్ణి విమానం ఎక్కించి భూమి కొసకి తీసుకెళ్తున్నాం. మన జనం ఎంత చలికైనా సిద్ధమే గానీ, పొద్దున్నే ఇడ్లీ లేదంటే మాత్రం ఊరుకోరు.

ఎలుగుల సంగతి ఇదీ. వేసవిలో సముద్రం మీద మంచు కరిగిపోయి అవి ఒడ్డుకి చేరతాయి. అప్పుడు వెళ్తే ఊదారంగు పూల మధ్య బస్తాల్లా పడి నిద్రపోతూ కనిపిస్తాయి. ఫొటోకి బావుంటుంది గానీ లేచి నాలుగడుగులు వెయ్యవు. చలికాలం చివర్లో తల్లులు పిల్లల్ని వెంటేసుకుని గుంటల్లోంచి బయటికొస్తాయి. ముద్దొస్తాయి, నిజమే, కానీ ఆ చలికి మనవాళ్ళు బండి దిగకముందే కొయ్యబారిపోతారు. గుంపులు గుంపులుగా, కళ్ళెదురుగా, తిరుగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపించేది ఒక్క కాలంలోనే. సముద్రం మళ్ళీ గడ్డకట్టే ముందు. మంచు పట్టగానే దాని మీద నడిచెళ్ళి సీలు అనే నీటిజంతువుల్ని వేటాడాలని అవన్నీ ఒడ్డు చివరికొచ్చి కాచుకుని ఉంటాయి. పూర్వం ఆ రోజులు అక్టోబరు ఆఖర్లో వస్తాయని కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళట. ఇప్పుడు సముద్రానికి వేడెక్కి తిక్క పట్టింది. ఒక ఏడు నవంబరంటుంది, ఒక ఏడు క్రిస్మస్ అంటుంది. ఓసారి మా వాళ్ళు అంత దూరం వెళ్ళి రాళ్ళూ గాలీ చూసి తిరిగొచ్చారు. వాళ్ళు పెట్టిన శాపనార్థాలు నాకు ఇప్పటికీ వినిపిస్తుంటాయి.

మా కంపెనీ పరువు నిలబెట్టింది మా వేణి. వేణి నా ఆడపడుచు. నేను కాపరానికొచ్చేసరికి రెండు జడలేసుకుని బడికెళ్ళే పిల్ల. తల్లి లేదు. జడలు నేనే వేశాను, అన్నం నేనే కలిపి పెట్టాను, మొండితనం మాత్రం దానంతటది నేర్చుకుంది. జంతువుల నరాల మీద పెద్ద చదువు చదివి, ఆ భూమి కొసన అఖాతం ఒడ్డున ఉన్న పరిశోధన స్టేషన్లో చేరింది. అక్కడే జంటపట్టీ కనిపెట్టింది.

జంటపట్టీ అంటే రెండు పట్టీలు. ఒకటి ఎలుగు మెడకి, ఒకటి మనిషి మెడకి. ఎలుగు ఒంట్లో పుట్టిన ఆకలి, నిద్ర, భయం, కాళ్ళ పీకులాట, అన్నీ ఆ మనిషి ఒంట్లో తెలుస్తాయి. తెర మీద అంకెలుగా కాదు, కడుపులోనే, కాళ్ళలోనే. “సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందో ఉపగ్రహాలకి తెలీదు వదినా, ఎలుగు అరికాళ్ళకి తెలుస్తుంది,” అనేది. మంచు రోజులు దగ్గరపడుతున్నకొద్దీ వేణి కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. అప్పుడు ఫోన్ చేసి “బయల్దేరండి” అనేది. మేం టిక్కెట్లు కొనేసేవాళ్ళం. ఒక్కసారి కూడా గురి తప్పలేదు. చుట్టుపక్కల యాత్రల కంపెనీలన్నీ ఆ పిల్ల కాళ్ళ మీదే నడిచేవి. స్టేషన్‌కి డబ్బు పెట్టేదీ వాళ్ళే కాబట్టి, కింద ప్రయోగశాల, పైన మాలాంటి యాత్రికుల గదులు, అంతా ఒకే కప్పు కింద కట్టారు.

వేణికి జంటగా ఉన్నది ఆడ ఎలుగు. దానికి లచ్చి అని పేరు పెట్టింది. ఉన్న ఒక్క ఆడపడుచుతోనే వేగలేక చస్తుంటే రెండోదాన్ని కూడా తగిలించావేమే అని ఏడిపించేదాన్ని.

ఈసారి ఫోన్లో “బయల్దేరండి” అని ఆగలేదు. “వదినా, నువ్వు కూడా రా. తొందరగా రా,” అంది. అది నన్ను రమ్మని అడగడం ఎన్నడూ లేదు. ఇక నాకు కాలు నిలవలేదు. మా ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టి, వంట గంగరాజుని, వచ్చే యాత్రికుల్ని పోగేసుకుని విమానమెక్కాను. గంగరాజు యాభై దాటినవాడు, మామగారి దగ్గర గరిట పట్టినవాడు. నెయ్యి డబ్బాలు, ఎండు నెత్తళ్ళ చేపలు, ఆవకాయ జాడీలు లేకుండా పక్క ఊరికి కూడా కదలడు.

స్టేషన్ గుమ్మంలో వేణి ఎదురొచ్చింది. ఎముకల మీద కోటు తొడిగినట్టుంది. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి నవ్వింది గానీ ఆగి నిలబడలేదు. కౌగిలించుకుంటే నా చేతుల్లోనే కాళ్ళు కదుపుతోంది.

“ఏమే, తిండి మానేశావా? ఏంటీ అవతారం?” అన్నాను.

“మంచు ఆలస్యమైంది వదినా. లచ్చి తినక చాలా కాలమైంది.”

“లచ్చి తినకపోతే నువ్వు తినొచ్చుగా!”

“తింటే ఆగటం లేదు. దాని పేగులు ముడుచుకుని కూర్చున్నాయి. నావీ అంతే.”

ఆ పూట గంగరాజు ముద్దపప్పు, నెయ్యి, గుమ్మడికాయ పులుసు చేశాడు. వేణికిష్టమని పనిగట్టుకుని చేశాడు. అది రెండు ముద్దలు తిని, బయటికి పరుగెత్తి వాంతి చేసుకుని, తిరిగొచ్చి గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం మొదలెట్టింది. గోడ దగ్గరికెళ్ళి తల ఊపడం, వెనక్కి తిరగడం. కూర్చోవే అంటే కూర్చుంటుంది, మరుక్షణం లేస్తుంది. చూసి చూసి నాకూ కాళ్ళు లాగడం మొదలైంది.

మా బల్లకి అటు చివర ఎలియట్ అని వేణితో పనిచేసే తెల్లాయన కూర్చున్నాడు. అన్నం తిన్నాడు, పులుసు తాగాడు, బ్రెడ్డు తిన్నాడు, జేబులోంచి బిస్కట్లు తీసి తింటున్నాడు. మొహంలో మాత్రం రుచి తెలిసిన జాడ లేదు. నాతో ఇంగ్లీషులో మర్యాదగా అన్నాడు, “మీ వంట చాలా బావుందమ్మా. నాకు ఆకలి తీరదు, అంతే.”

మర్నాడు వేణే చెప్పింది. ఎలియట్ కూడా జంటపట్టీ వేసుకున్నవాడే. ఇలాగే మంచు ఆలస్యమైన ఏడు, భార్య ఏడ్చి గోలపెడితే ఎలుగుతో ఉన్న ఆ ముడి విప్పించుకున్నాడు. ముడి విప్పే వేళ ఎలుగు ఏ స్థితిలో ఉంటే, మనిషి నరాల్లో అదే మిగిలిపోతుంది. అతని ఎలుగు అప్పుడు ఆకలితో ఉంది. తర్వాత అది మంచు మీదికెళ్ళి కడుపు నిండా తిన్నది, ఇతనికి మాత్రం ఆ ఆకలి అలాగే ఉండిపోయింది. కన్నకూతురు పుట్టినరోజున కేకు మొత్తం అతనే తినేశాడట. భార్య పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

“అందుకని లచ్చి తిన్నాకే విప్పాలి. తిని, పడుకున్నాక. అప్పుడైతే నాకేమీ మిగలదు,” అంది వేణి, అటూ ఇటూ నడుస్తూనే.

“వేసవి మొదట్లో దాని కడుపు నిండా ఉన్నప్పుడు విప్పి ఉండొచ్చుగా, మహాతల్లీ?”

“ఇంకొక్క ఏడు చూద్దామనుకున్నాను. మంచు తారీఖు తప్పుతూ పోతోంది, దాని వెనకాల నేనూ పోయాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత చదువుకున్నదాన్ని చెంప పగలగొట్టలేను కదా. జుట్టుకి నూనె రాసి గట్టిగా జడేశాను.

ఆ పగలు యాత్రికులందర్నీ ఎత్తు చక్రాల బండిలో ఒడ్డు చివరికి తీసుకెళ్ళాం. ఎలుగులే ఎలుగులు! రాళ్ళ మీద, ఎండిన గడ్డిలో, నీళ్ళ అంచున. ముందుకెళ్తాయి, నీళ్ళని మూతితో తాకుతాయి, తల ఊపి వెనక్కి తిరుగుతాయి. నీళ్ళ మీద పలచగా నూకల జావలాంటి మంచు తేలుతోంది, అడుగేస్తే మునిగిపోతుంది. మా గుంపులో కామేశంగారని రిటైరైన ఇంజనీరు ఉన్నాడు. ఏ కాలం మంచిదని ఏడాదంతా నా బుర్ర తిన్నది ఆయనే. ఆనందం పట్టలేకపోతున్నాడు.

“భలే సీజన్లో పట్టుకొచ్చేరండీ తాయారుగారూ! ఇన్నింటిని ఒక్కచోట చూత్తానని అనుకోలేదు సుమండీ. ఏం హుషారు, ఏం నడక!”

నేను వేణి వైపు చూశాను. అది బండి కిటికీ పట్టుకుని నిలబడి, సరిగ్గా అలాగే తల ఊపుతోంది.

“హుషారు కాదండీ. ఆకలి,” అంది.

కామేశంగారు కెమెరా దించేశాడు. వేణి వేలు పెట్టి చూపించింది. మెడలో పట్టీతో, మిగతావాటికన్నా బక్కగా, పక్కలు పీక్కుపోయి నడుస్తోంది లచ్చి. ఎలుగు ఎంత పెద్దదో ఊహించుకుని వచ్చాను. దాని తోలు వదులై, పెద్దవాళ్ళ చొక్కా వేసుకున్న పిల్లలా ఉంది. ఇన్నాళ్ళూ మేం ప్రపంచానికి మంచి కాలం అని అమ్మింది ఇదన్నమాట. వాటి కడుపు మాడే రోజుల్ని చూసి, తారీఖులు వేసి, రంగు కాగితాల మీద అచ్చు వేయించాం.

గంగరాజు చేసిన పొరపాటు సంగతి కూడా చెప్పాలి. అక్కడ వంటింటి కిటికీలు తెరవకూడదు, పొగ బయటికి పోకూడదు, తిండి వాసన గాలిలో కలవకూడదు. గోడకి రాసి అంటించారు. మన గంగరాజుకి గది నిండా పొగ చుట్టుకుంటే ఊపిరాడదు. ఎండు నెత్తళ్ళు వేయిస్తూ పక్క తలుపు బార్లా తీసి కూర్చున్నాడు. కాసేపటికి ఆ తలుపులో ఇంత తెల్ల మూతి ప్రత్యక్షమైంది. “ఓరి నాయనో!” అని వాడు మూకుడుతో సహా లోపలికి దూకి తలుపేశాడు. వచ్చింది లచ్చి కాదు, ఇంకో మగది. ఎలుగుల కాపలా చూసే నోరా అనే ఆవిడ బండేసుకొచ్చి, గాల్లోకి టపాకాయ తూటాలు పేల్చి దాన్ని తరిమింది. ఆవిడ చేతిలో రెండు తుపాకులుంటాయి. ఒకటి చప్పుడుకి, ఒకటి అసలుదానికి.

నోరా కోప్పడలేదు. అలసటగా నా ఎదురుగా కూర్చుంది. “మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి తెలిసిన ఎలుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇక్కడికి రాకపోతే ఊళ్ళోకి వెళ్తుంది. ఊళ్ళో పిల్లలు బడికి నడిచి వెళ్తారు. అప్పుడు దాన్ని కాల్చాల్సింది నేనే. ఇలా కొన్నింటిని కాల్చాను. వాటికి తిండి పెట్టినవాళ్ళంతా మంచివాళ్ళే,” అంది.

గంగరాజు తల దించుకున్నాడు. “ఆకలితో వచ్చిందాన్ని తరిమేయడమేంటో, ఏం ఊరోనండీ బాబూ,” అని నాకు మాత్రమే వినపడేట్టు గొణిగాడు. వాడిని తిట్టాను గానీ, నా మనసులో ఉన్నదీ అదే మాట. ఇంటికొచ్చినవాణ్ణి తిన్నావా అని అడక్కుండా మాట మొదలెట్టడం మాకు చేతకాదు.

మర్నాటి పొద్దున వేణి నడవడం మానేసింది. ఎందుకా అని గదిలోకెళ్తే నేల మీద పడుంది. పడుకునే ఉన్నా కాళ్ళు మాత్రం నడుస్తున్నట్టే కదులుతున్నాయి. ఊళ్ళోంచి డాక్టరు వచ్చి సెలైను పెట్టాడు. చేతికెక్కిన నీళ్ళు చేతిలోనే వాపై నిలిచిపోయాయి. ఆయన నన్ను పక్కకి పిలిచాడు. ఎలుగు ఒళ్ళు ఇలాంటి ఉపవాసాన్ని తట్టుకునేలా ఉంటుందట, పోగేసుకున్న కొవ్వుంటుందట.

“ఎలుగుకి కొవ్వుంది. మా పిల్లకేముంది?” అని అరిచాను.

“అదేనమ్మా నేను చెప్పేది. మూత్రపిండాలు చేతులెత్తేస్తున్నాయి. ఆ ఎలుగు తొందరగా తినాలి. లేదా ఇప్పుడే ముడి విప్పాలి. ఇప్పుడు విప్పితే ఎలియట్ కన్నా ఘోరంగా మిగులుతుంది. పేగులు ఇక తెరుచుకోకపోవచ్చు.”

“సముద్రం ఎప్పుడు గడ్డకడుతుంది?”

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. చెప్పవలసిన పిల్ల మంచం మీద పడి ఉంది.

వేణి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పుల్లలా ఉంది. కళ్ళు తెరిచి, నా మొహం చూసి, నా బుర్రలో ఏం తిరుగుతోందో పట్టేసింది. చిన్నప్పట్నుంచీ అంతే.

“వదినా, లచ్చికి తిండి పెట్టకు.”

“నేనేమన్నా అన్నానా?”

“నీ సంగతి నాకు తెలీదా? పెడితే దాన్ని చంపినట్టే. నోరా చెప్పిందిగా. దాని ఒంట్లో ఏముందో నాకొక్కదానికే తెలుసు వదినా. చంపకు దాన్ని. నా కోసం దాన్ని చంపుతావా?”

“చంపుతాను,” అన్నాను. అబద్ధం చెప్పడం చేతకాక కాదు. ఆ వేళకి రాలేదు.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఒట్టెయ్యి. పెట్టనని ఒట్టెయ్యి.”

“ముందు నువ్వు పడుకోవే,” అని దుప్పటి కప్పాను. ఒట్టు వెయ్యలేదు. కాసేపటికి మగతలోకి జారిపోయింది.

అక్కణ్ణుంచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. “గంగరాజూ, ఎంత పెద్ద గిన్నె ఉంటే అంత పెద్దది పొయ్యి మీద పెట్టు,” అన్నాను.

“ఎంతమందికండీ?”

“ఒక్కదానికి.”

వాడు నా మొహంలోకి చూశాడు. అన్నం వార్చాడు. నెయ్యి డబ్బాలన్నీ దించాడు. ఎండు నెత్తళ్ళ మూట విప్పాడు. ఫ్రిజ్‌లో యాత్రికుల కోసం దాచిన కోళ్ళన్నీ తీశాడు. ఆ హడావుడికి పైనుంచి ఒక్కొక్కరే దిగొచ్చారు. విషయం చెప్పాను. మంచు ఇంకా పట్టలేదన్న మాట కూడా చెప్పాను, తిండి మరిగితే లచ్చికి తుపాకీ తప్పదన్న మాట కూడా. కామేశంగారు పైకెళ్ళి, ఎవరికీ చూపించకుండా తింటున్న సున్నుండల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. “ఇవీ వెయ్యండి తాయారుగారూ. మినపప్పు, నెయ్యి. బలం,” అన్నాడు. ఆడవాళ్ళు చేతులు కడుక్కొచ్చి అన్నంలో నెయ్యి, చేపలు కలిపి, పెళ్ళి బూందీ లడ్డూల కన్నా ఎన్నో రెట్లు పెద్ద ముద్దలు చుట్టారు.

ఎలియట్ గుమ్మంలో నిలబడి ఆ ముద్దల వైపే చూస్తున్నాడు. అతనికి కూడా ఒక పళ్ళెం పెట్టించాను. తింటూనే అన్నాడు, “ఎలుగుకి తిండి పెట్టి విప్పడం వేణి వద్దంది. నేను ముడి విప్పను. కానీ ఎలా విప్పాలో చెప్పగలను. నా భార్యకి ఇలాంటి పని చేసే అవకాశం దొరకలేదు.”

మిట్టమధ్యాహ్నం. గాలి సముద్రం వైపు వీస్తోంది. గంగరాజు నెయ్యి కాచి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పోపు పెట్టాడు. తలుపు నేనే తీశాను. పెళ్ళివారింటి వాసన ఆ రాళ్ళ మీదుగా వెళ్ళింది. ముద్దలు, కోళ్ళు గోడ పక్కన కుప్ప పోసి, మేం లోపలికొచ్చి గొళ్ళెం వేసుకుని అద్దంలోంచి చూస్తున్నాం. నాకు ఒకటే భయం, ఆ మగది వస్తుందేమోనని. లచ్చే వచ్చింది. దాని మెడలో పట్టీ చూసి నేను “వచ్చిందర్రా!” అని అరిచేశాను.

తిన్నది. అబ్బా, ఏం తిన్నదనుకున్నారు! మొదట వాసన చూసింది, వెనక్కి జంకింది, తర్వాత కూర్చుని, చంటిపిల్లలు రెండు చేతులతో పట్టుకున్నట్టు ముద్ద పట్టుకుని తిన్నది. నేల మీద ఒలికిన నెయ్యి కూడా నాకింది. మా వెనక ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. గంగరాజు “తిను తల్లీ, తిను” అంటున్నాడు. నేను ఏడవలేదు. నాకు తీరిక లేదు.

ప్రయోగశాలకి పరుగెత్తాను. అక్కడ తెర మీద రెండు గీతలు, పైది లచ్చిది, కిందది వేణిది. ఇన్నాళ్ళూ రెండూ రంపం పళ్ళలా ఉన్నాయట. నా కళ్ళ ముందే పైగీత మెత్తబడింది. కాసేపటికి కిందది కూడా. పక్క గదిలో వేణి కాళ్ళు కదలడం ఆగిపోయింది. వెళ్ళి చూశాను. మొహం తేటపడి, పాలు తాగి పడుకున్న పసిదానిలా ఉంది. గోడకి అటువైపు లచ్చి తన ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీలుస్తున్నారు.

“ఇప్పుడు,” అన్నాడు ఎలియట్.

వేణి ఒట్టు అడిగిన మాట చెవిలో ఉంది. ఎలియట్ చూపించిన మీట నొక్కాను. పైగీత అలాగే సాగుతోంది, కిందది ఒక్కసారి ఎగిరి తన దారిన తాను నడిచింది. వేణి మెడలో పట్టీ మెడలోనే ఉంది, అది ఇప్పుడు ఉత్త తోలు ముక్క. ఎవరేమన్నా అననీ, ఆ మీట మళ్ళీ నొక్కమంటే మళ్ళీ నొక్కుతాను.

వేణి మర్నాడు బాగా పొద్దెక్కేదాకా నిద్రపోయింది. డాక్టరు చూసి, మూత్రం బాగా వస్తోందని, గండం గడిచిందని చెప్పి వెళ్ళాడు. అతను అటు వెళ్ళాడో లేదో, వంటింటి వైపు దడాలున చప్పుడైంది. లచ్చి తలుపు తోస్తోంది. నిన్న తెరుచుకున్న తలుపు ఈవేళ ఎందుకు తెరుచుకోదో దానికి అర్థం కావడం లేదు. ఒక దెబ్బకి కిటికీ రేకు ఊడొచ్చింది. గంగరాజు గిన్నెలు మోగిస్తూ, “పోవే తల్లీ, పోవే, సముద్రంలోకి పోవే,” అని బతిమాలుతున్నాడు. నోరా బండి వచ్చి ఆగింది. గోడ పక్కన ఎండిన నెయ్యి మరకలు చూసింది, అన్నం మెతుకులు చూసింది, కిటికీలోంచి నన్ను చూసింది. నేను తల తిప్పుకోలేదు. ఆవిడ తుపాకులందుకుని బండి దిగింది.

ఆ పక్క గదిలోంచి పిలుపు వినపడింది. “వదినా.”

పరుగున వెళ్ళాను. వేణి దిండుకి ఆనుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో కుదురుగా కూర్చుంది.

“వదినా, ఆకలేస్తోంది.”

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే వెళ్ళి మెత్తగా వండిన అన్నం, చారు తెచ్చి కలిపాను. మొదటి ముద్ద నోట్లో పెట్టాను. నమిలింది, మింగింది. ఇద్దరం వాంతి కోసం ఎదురుచూశాం. రాలేదు.

“కాళ్ళు ఊరుకున్నాయి,” అంది ఆశ్చర్యంగా. “మంచు పట్టిందా?”

“పట్టిందే.”

“లచ్చి తిన్నదా?”

“కడుపు నిండా తిన్నది. నా కళ్ళతో చూశాను.”

“అదీ! అందుకే నాకింత హాయిగా ఉంది,” అని నవ్వింది. లోపలికి పోయిన చెంపల్లో ఆ నవ్వు చూడలేకపోయాను. చారన్నం మీదే చూపు పెట్టుకుని ఇంకో ముద్ద కలిపాను.

బయట టపాకాయ తూటాలు పేలాయి. ఒకటి, వెంటనే ఇంకోటి. “ఎవరో వంటింటి మీదికొచ్చినట్టున్నారు. మళ్ళీ ఆ మగాడే అయ్యుంటాడు. గంగరాజు నెత్తళ్ళకి వాడు మరిగాడు,” అంది వేణి. నేను ఊఁ అన్నాను. మళ్ళీ తూటాలు. గంగరాజు ఏడుస్తున్న గొంతు. నోరా ఇంకాసేపు ఆగదా, ఇంకో నాలుగు పేల్చి చూడదా అనుకుంటున్నాను. తలుపు చెక్క విరిగిన చప్పుడు.

తర్వాత వచ్చిన చప్పుడు వేరు. ఒక్కటే. బరువుగా.

వేణి నమలడం ఆపింది. చెయ్యి మెడలోని పట్టీ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తన లోపలికి తాను చెవి పెట్టి వింది. కాసేపటికి కళ్ళు తెరిచి నా భుజం తట్టింది.

“పాపం, ఎవరో పోయారు. మనది కాదులే వదినా, కంగారుపడకు. దానికేమన్నా అయితే ముందు నాకే తెలుస్తుంది,” అని నోరు తెరిచింది.

నేను ముద్ద పెట్టాను.